డిపో నుంచి డిపార్చర్ గేటు దాకా: చేతిలో ఉన్న కాయితం కథ

 ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో బీరువాలో పాస్‌పోర్ట్ ఉంటే తీసి పక్కన పెట్టుకోండి. మీది లేకపోతే నాన్నదో, అక్కదో, ఎవరిదో ఒకరిది. ఈరోజు చెప్పుకునే చరిత్రంతా ఆ చిన్న పుస్తకం చుట్టూనే తిరుగుతుంది.

చాలామంది ఇంటర్న్‌షిప్‌కి విదేశం వెళ్తున్నామని మెసేజ్‌లు పెడుతున్నారు. ప్యాకింగ్ గురించి, సిమ్ కార్డు గురించి, పచ్చళ్లు ఎలా సర్దుకోవాలో వీడియోలు బోలెడున్నాయి. కానీ బయల్దేరే ముందు ఒక టైమ్ ఉంటుంది కదా, సూట్‌కేస్ చెకిన్‌లో పడేశాక గేటు తెరిచేదాకా ఊరికే కూర్చునే టైమ్. దాని గురించి ఎవరూ మాట్లాడరు. మనవాళ్లు విదేశాలకు వెళ్లడం మొదలైన దగ్గర్నుంచీ ఈ ఎదురుచూపు ఉంది. ఆ టైమ్‌లో మనల్ని అడిగే ప్రశ్నలు కూడా దాదాపు అవే. నువ్వెవరు? నీ దగ్గరున్న కాయితం ఏంటి? నీ దగ్గర డబ్బెంత? మరి మారిందేంటి? అదే ఈరోజు టాపిక్.

1860కి వెళ్దాం. ఆ ఏడాది అక్టోబర్ 12న మద్రాసు రేవు నుంచి 'ట్రూరో' అనే ఓడ బయల్దేరింది. ఎక్కడికి? దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువాళ్ల కాలనీ అయిన నాటాల్‌కి. నవంబర్ 16న డర్బన్ చేరింది. అంటే 35 రోజులు సముద్రం మీదే. అందులో 340 మందికి పైగా ఉన్నారు. చెరకు తోటల్లో పని కోసం ఒప్పందం మీద నాటాల్ వెళ్లిన మొట్టమొదటి భారతీయులు వీళ్లే. తమిళం మాట్లాడేవాళ్లూ ఉన్నారు, తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. 1911 వరకు నాటాల్‌కి ఇలా వెళ్లినవాళ్లు లక్షా 52 వేల మంది. అందులో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లే.

వీళ్లు ఓడ ఎక్కే ముందు ఎక్కడుండేవాళ్లు? డిపోలో. ఆ రోజుల్లో ఓడకి టైమ్‌టేబుల్ అంటూ ఉండేది కాదు. సరిపడా మనుషులు దొరికితేనే ఓడ కదిలేది. ఊళ్లలో తిరిగే ఏజెంట్లు మనుషుల్ని పోగేసి తెచ్చేదాకా ముందొచ్చినవాళ్లు డిపోలోనే ఉండాలి. రోజులు, ఒక్కోసారి వారాలు. చాలా కాలనీలకి మగవాళ్లు వందమంది వెళ్తే ఆడవాళ్లు 40 మంది ఉండాలన్న రూల్ తర్వాత వచ్చింది. ఆ లెక్క కుదరకపోయినా ఆగాల్సిందే. డాక్టర్ చూస్తాడు. దగ్గు, కంటి జబ్బు, ఏ లోపం కనపడినా వెనక్కి పంపేస్తాడు. ఊళ్లో అప్పులు తీర్చలేక వచ్చిన మనిషిని వెనక్కి పంపితే ఎక్కడికి పోతాడు? అది ఎవరి లెక్కలోనూ లేదు.

పాసైతే మాత్రం ఒక కాయితం ఇచ్చేవాళ్లు. దాని పేరు ఎమిగ్రేషన్ పాస్. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు అన్నీ రాసేవాళ్లు. చదువు రాని మనిషి చెప్పింది, మన భాష రాని గుమాస్తా తనకి వినపడినట్టు రాసుకునేవాడు. ఊరి పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. డర్బన్‌లో నాలుగో తరం, ఐదో తరం పిల్లలు ఆ జాబితాల్లో ముత్తాత ఊరు ఏదో వెతుక్కుంటున్నారు. స్పెల్లింగ్ చూసి అది ఏ తాలూకాలో ఉందో తెలియక తల పట్టుకుంటున్నారు.

ఇంకో కాయితం కూడా ఉండేది. అదే ఒప్పందం. ఇంగ్లీషులో 'అగ్రిమెంట్'. ఫిజీ వెళ్లినవాళ్ల నోట్లో అది నలిగి నలిగి 'గిర్మిట్' అయ్యింది. ఐదేళ్లు ఒకే యజమాని దగ్గర పనిచేయాలి. నాటాల్‌లో మొదటి ఏడాది జీతం నెలకి 10 షిల్లింగులు. పని మానేస్తే అది ఉద్యోగం మానేయడం కాదు, నేరం. జైల్లో వేసేవాళ్లు. ఆ సంగతి కాయితం మీద వేలిముద్ర వేసినప్పుడు ఎంతమందికి అర్థమై ఉంటుంది?

ఒక సంగతి మాత్రం మర్చిపోకూడదు. ఒప్పందం పూర్తయిన మొదటి బ్యాచ్‌లో కొందరు 1871లో మద్రాసు తిరిగొచ్చారు. వచ్చి ఊరుకోలేదు. అక్కడ కొట్టారని, జీతాలు ఎగ్గొట్టారని ఫిర్యాదు చేశారు. భారత ప్రభుత్వం నాటాల్‌కి మళ్లీ మనుషుల్ని పంపడానికి ఒప్పుకోలేదు. అక్కడ ఒక విచారణ కమిషన్ వేసి కొన్ని రూల్స్ మార్చాకే, 1874లో ఓడలు మళ్లీ కదిలాయి. అక్షరం ముక్క రాని కూలీలు నోరు విప్పితే ఓడలు కదల్లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

1883లో ఇంగ్లీషు ప్రభుత్వం ఒక ఎమిగ్రేషన్ చట్టం చేసింది. అందులో రేవు దగ్గర 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అనే ఆఫీసర్ ఉంటాడు. అంటే వలస వెళ్లేవాళ్ల రక్షకుడు. ఒప్పందం సరిగ్గా ఉందా, ఈ మనిషి ఇష్టపడే వెళ్తున్నాడా అని చూడటం ఆయన పని. పేరు బాగుంది. కానీ ఓడ నిండాలి, చక్కెర పండాలి, వ్యాపారం నడవాలి. ఇవన్నీ ఆ కుర్చీ మీద బరువు పెడుతూనే ఉండేవి. ఈ ఆఫీసర్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పటిదాకా చెప్పిన కథలో పాస్‌పోర్ట్ అనే మాట రాలేదు, గమనించారా? ఎందుకంటే అప్పట్లో మామూలు మనిషి ప్రపంచంలో చాలా చోట్లకి పాస్‌పోర్ట్ లేకుండానే వెళ్లేవాడు. కూలీకి డిపో కాయితాలు, ఉన్నవాడికి టిక్కెట్టు. అంతే. మరి ఈ పుస్తకం మన జేబులోకి ఎలా వచ్చింది?

1914 మే 23. కెనడాలో వాంకూవర్ దగ్గర 'కొమగాటా మారు' అనే జపాన్ ఓడ ఆగింది. హాంకాంగ్ నుంచి వచ్చింది. అందులో 376 మంది, దాదాపు అందరూ పంజాబీలు. ఇండియా బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగం, కెనడా కూడా అంతే. సామ్రాజ్యంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు మాకు ఉంది కదా అన్నది వీళ్ల వాదన. కెనడావాళ్లు ముఖం మీద 'రావద్దు' అనలేదు. రెండు రూల్స్ చూపించారు. ఒకటి, పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా దిగకుండా ఒకే ప్రయాణంలో రావాలి. ఇండియా నుంచి కెనడాకి అలా నేరుగా నడిచే ఓడ సర్వీసే లేదు! రెండు, ఒక్కొక్కరి చేతిలో 200 డాలర్లు ఉండాలి. అప్పట్లో అది ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోండి.

రూల్‌లో ఎక్కడా ఇండియన్ అన్న మాట లేదు. కానీ అది ఎవరికోసం రాశారో అందరికీ తెలుసు. ఒడ్డు కనపడుతూనే ఉంది, దిగనివ్వరు. తిండికి, నీళ్లకి కటకట. అలా రెండు నెలలు. గతంలో అక్కడ ఉండి వెళ్లిన పాతిక మంది లోపు తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. జూలై 23న యుద్ధనౌకను పక్కన పెట్టి మరీ ఓడను వెనక్కి తిప్పించారు. సెప్టెంబర్ చివర్లో కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగితే, అక్కడ పోలీసులతో గొడవై కాల్పులు జరిగాయి. సుమారు 20 మంది ప్రయాణికులు చనిపోయారు. 2016 మే 18న కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో తమ పార్లమెంటులో దీనికి క్షమాపణ చెప్పారు. 102 ఏళ్ల తర్వాత!

అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. గూఢచారుల భయంతో దేశాలన్నీ సరిహద్దుల్లో కాయితాలు అడగడం మొదలుపెట్టాయి. ఇండియాలో 1917లో పాస్‌పోర్ట్ తప్పనిసరి చేస్తూ రూల్స్ వచ్చాయి. యుద్ధం అయిపోయాక తీసేస్తారులే అనుకున్నారు జనం. తీసేయలేదు. 1920 అక్టోబర్‌లో పారిస్‌లో దేశాలన్నీ కూర్చుని పాస్‌పోర్ట్ ఎలా ఉండాలో మాట్లాడుకున్నాయి. 32 పేజీల పుస్తకం అనే మోడల్ అక్కడే తేలింది. ఇప్పుడు మీ పక్కన ఉన్నది దాని మనవడే అన్నమాట.

ఈ కొత్త కాయితాల కాలంలో అమెరికా వెళ్లిన ఒక తెలుగాయన గురించి చెప్పాలి. ఇంటర్న్‌షిప్ టాపిక్‌కి ఆయనకంటే దగ్గరివాళ్లు లేరు. ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకున్నారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు వేసుకుని సర్జరీ క్లాసుకి వెళ్లారు. ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. పరీక్షలు రాశాక చేతికొచ్చింది పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ కాదు, దాని కన్నా తక్కువ ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్.

అమెరికా వెళ్దామంటే డబ్బుల్లేవు. మామగారు కొంత సర్దారు. ఇంకొంత మా కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చింది. ఎవరీ నాయకర్? కాకినాడ పక్కన కోరంగి మనిషి. రంగూన్ వెళ్లి, అక్కడ రేవు పనుల్లో పైకొచ్చి, సంపాదించింది ధర్మానికి రాసినాయన. రంగూన్‌ని మా పెద్దవాళ్లు 'రంగం' అనేవారు. కోరంగి నుంచి అంతమంది వెళ్లారంటే, బర్మాలో తెలుగువాళ్లందరికీ 'కోరంగీలు' అనే పేరే పడిపోయింది. అలా ఒక తరం వలస వెళ్లి సంపాదించిన డబ్బు ఇంకో తరం కుర్రాడికి టిక్కెట్టయ్యింది. ఇప్పుడు దుబాయ్‌లో ఉన్న బాబాయి పంపిన డబ్బుతో వీసా ఫీజు కట్టేవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు.

1922 అక్టోబర్ 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటు ఉంది. కానీ అక్కడ డాక్టరుగా పనిచేయడానికి లైసెన్స్ లేదు. అందుకని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా చేశారు. రోగుల బెడ్‌పాన్లు తీసి కడిగే పని. పగలు చదువు, రాత్రి ఆ పని. తర్వాత శరీరం శక్తిని ఎలా వాడుకుంటుందో చెప్పే పరిశోధనలు, ఫోలిక్ ఆసిడ్, క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, వీటన్నిటి వెనకా ఆయన పని ఉంది. 1948లో అక్కడే చనిపోయారు. మళ్లీ ఇండియా చూడలేదు. ఆయన తెలివి బయల్దేరిన రోజు ఎంతో, రాత్రి డ్యూటీలో బెడ్‌పాన్లు కడిగిన రోజూ అంతే. చేతిలో ఉన్న కాయితం చిన్నది. అంతే తేడా.

ఇప్పుడు స్వతంత్రం వచ్చేసింది. మన దేశం, మన ప్రభుత్వం. పాస్‌పోర్ట్ సులువుగా వచ్చేసిందా? అక్కడే అసలు ట్విస్ట్. 1947 తర్వాత 20 ఏళ్ల పాటు, పాస్‌పోర్ట్ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి వద్దు అని చెప్పే చట్టమే మన దేశంలో లేదు. ఆఫీసర్ ఇష్టం. ఇస్తే ఇచ్చాడు, లేదంటే లేదు. ఎందుకివ్వలేదని అడిగినా చెప్పాల్సిన పని లేదు.

1966లో సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని తన పాస్‌పోర్ట్‌లు వెనక్కి ఇచ్చేయమని అధికారులు ఉత్తరం రాశారు. ఆయన మీద దిగుమతి లైసెన్సుల విషయంలో విచారణ నడుస్తోంది. ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లాడు. ఐదుగురు జడ్జిల బెంచ్. 1967 ఏప్రిల్ 10న తీర్పు వచ్చింది. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. ఆ ఇద్దరూ ఏమన్నారంటే, పాస్‌పోర్ట్ అనేది మా మనిషిని రానివ్వండి అని ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వాన్ని కోరే పత్రం, అది నాకు ఇచ్చి తీరాలని ఎవరూ హక్కుగా అడగలేరు అని. మీ పాస్‌పోర్ట్ లోపలి పేజీ చూడండి. రాష్ట్రపతి పేరు మీద అలాంటి కోరికే ఉంటుంది. వాళ్ల వాదనా తేలిగ్గా తీసేసేది కాదు.

కానీ మెజారిటీ తీర్పు వేరేలా ఆలోచించింది. పాస్‌పోర్ట్ లేకపోతే ఏ విమానమూ, ఏ ఓడా మనిషిని ఎక్కించుకోదు. అంటే పాస్‌పోర్ట్ ఆపడమంటే మనిషిని ఆపడమే. విదేశానికి వెళ్లడం రాజ్యాంగం 21వ ఆర్టికల్ చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగం. చట్టం లేకుండా, ఆఫీసర్ ఇష్టాన్ని బట్టి దాన్ని ఆపడానికి వీల్లేదు. ఇదీ తీర్పు. రాసింది ఎవరు? అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. 1902లో రాజమండ్రిలో పుట్టిన మనిషి. 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకి మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తి కూడా ఆయనే. ఇంకో విషయం తెలుసా? ఈ తీర్పు ఇచ్చిన మర్నాడే, ఏప్రిల్ 11న, రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీ చేయడానికి పదవికి రాజీనామా చేశారు. ఎన్నికల్లో జాకీర్ హుస్సేన్ గెలిచారు, ఈయన ఓడిపోయారు. పదవిలో చివరి రోజుల్లో రాసిన ఆ తీర్పు మాత్రం మన అందరి పాస్‌పోర్ట్‌ల వెనకా ఉంది.

తీర్పు వచ్చిన 75 రోజులకి, అంటే 1967 జూన్ 24న, పాస్‌పోర్ట్‌ల చట్టం వచ్చింది. ఏ కారణాలతో ఇవ్వకపోవచ్చో అందులో రాశారు. ఇవ్వకపోతే కారణం రాతలో పెట్టాలి, అప్పీలుకి వెళ్లొచ్చు. దశాబ్దం తర్వాత, 1977 జూలైలో, మేనకా గాంధీ పాస్‌పోర్ట్‌ని ప్రభుత్వం 'ప్రజా ప్రయోజనం' పేరుతో స్వాధీనం చేయమంది. కారణం అడిగితే చెప్పం అంది. 1978 జనవరి 25న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. చట్టం ఉంటే సరిపోదు, ఆ పద్ధతి న్యాయంగా ఉండాలి, మనిషి వాదన వినాలి అంది.

చూడండి, ఇక్కడ మారింది ఎదురుచూపు కాదు. మనల్ని ఆపినప్పుడు 'ఎందుకు?' అని అడగగలగడం మారింది. 1860లో డిపోలో కూర్చున్న మనిషికి ఆ మాట అడిగే చోటు లేదు. మనకుంది. అయితే మనందరికీ సమానంగా ఉందా?

నేను ఈ ఎపిసోడ్ నోట్స్ సగం శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనే రాసుకున్నాను. జర్మనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ నాది. తెల్లవారుజామున ఫ్లైటు, అర్ధరాత్రికే లోపల ఉన్నా. బ్యాగులో ఆఫర్ లెటర్, ఇన్సూరెన్స్, బ్యాంకు కాయితాలు, అన్నీ రెండేసి కాపీలు. పక్క సీట్లో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నాడు. నలభై దగ్గర్లో ఉంటాడు. దుబాయ్ వెళ్తున్నాడు. కాసేపు నన్ను చూసి, జేబులోంచి మడత పెట్టిన కాయితం తీశాడు.

"తమ్మీ, జర గీ కాయితం సదివి చెప్తవా? ఏజెంట్ అయితె డ్రైవర్ పని అన్నడు."

చదివాను. ఇంగ్లీషు, పక్కనే అరబిక్. పని అన్న చోట 'హెల్పర్' అని ఉంది. డ్రైవర్ అన్న మాట ఎక్కడా లేదు. జీతం గడి ఖాళీ. వీసా చూస్తే అది పని వీసా కాదు, విజిట్ వీసా.

"అన్నా, ఇందులో డ్రైవర్ అని లేదే. హెల్పర్ అని ఉంది. జీతం కూడా రాయలేదు."

ఆయన ఆశ్చర్యపోలేదు. "నాక్కూడ అనుమానం గొట్టింది తమ్మీ. అప్పు దెచ్చి పైసలు గట్టిన. ఇగ ఎనుకకు ఎట్ల వోత?"

నేనేం చెప్పగలను? ఆ కాయితం, వీసా, రెండూ ఫోటోలు తీసి వాళ్లావిడకి వాట్సాప్‌లో పంపించమన్నాను. ఏజెంట్ పేరు, నంబరు, కట్టిన డబ్బు వివరం కూడా వాయిస్ మెసేజ్‌లో చెప్పించాను. అక్కడ ఇబ్బందైతే భారత కాన్సులేట్‌కి వెళ్లమని, అడ్రస్ ఆయన ఫోన్‌లో సేవ్ చేశాను. ఆయన ఫ్లైటు పిలిచారు. "మంచిగ సదువుకో తమ్మీ" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆఫీసర్ దగ్గరికి వద్దాం. 1883 చట్టంలో ఉన్న ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. స్వతంత్ర భారతదేశం వలసల మీద కొత్త చట్టం చేసింది ఎప్పుడో తెలుసా? సరిగ్గా వందేళ్లకి, 1983లో. ఆ పదవి పేరు కూడా మార్చలేదు. ఇప్పటికీ హైదరాబాద్‌లో ఆ ఆఫీసు ఉంది.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ మామూలుగా 'ఇ.సి.ఆర్.' రకం. అంటే గల్ఫ్ దేశాలు, మలేషియా లాంటి కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్తే ప్రొటెక్టర్ అనుమతి కావాలి. ఒప్పందం చూస్తారు. 10 లక్షల బీమా ఉండాలి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అయినా సర్వీసు ఛార్జీ కింద 30 వేలు, దాని మీద జి.ఎస్.టి. తప్ప ఎక్కువ తీసుకోకూడదు. మంచి రూల్సే. అందుకే మోసం చేసే ఏజెంట్లు ఆ దారిలో పంపరు. విజిట్ వీసా మీద పంపేస్తారు. ఉద్యోగానికి వెళ్తున్నట్టు కాయితాల్లో ఉండదు కాబట్టి, రక్షకుడి కంట్లో ఆ మనిషి పడనే పడడు.

మరి మన సంగతి? మనం పది పాసయ్యాం, డిగ్రీ కూడా ఉంది. మన పాస్‌పోర్ట్‌కి ఆ చెక్ లేదు. అది మనకి గౌరవం అనుకుంటాం. కానీ ఇంకో వైపు నుంచి చూడండి. నా ఆఫర్ లెటర్‌ని మన ప్రభుత్వంలో ఎవరూ తనిఖీ చేయలేదు. ఆ కంపెనీ ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. చదువుకున్నవాడు, వాడే చూసుకుంటాడు అన్నది చట్టం నమ్మకం.

ఆ నమ్మకాన్నే మోసగాళ్లు వాడుకుంటున్నారు. 2022 సెప్టెంబర్‌లో మన విదేశాంగ శాఖ ఒక హెచ్చరిక ఇచ్చింది. థాయ్‌లాండ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలని ఐటీ తెలిసిన కుర్రాళ్లని పిలిచి, సరిహద్దు దాటించి మయన్మార్ తీసుకెళ్లి, అక్కడ బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్నారని. 2024లో కాంబోడియాలో చిక్కుకున్నవాళ్లలో విశాఖ నుంచి వెళ్లిన కుర్రాళ్లు కూడా ఉన్నారని బయటపడింది. వీళ్లు వేలిముద్ర వేసినవాళ్లు కాదు. కంప్యూటర్ వచ్చినవాళ్లు. సోషల్ మీడియాలో ప్రకటన చూసి, వాట్సాప్‌లో ఇంటర్వ్యూ ఇచ్చి వెళ్లినవాళ్లు. దిగగానే చాలామంది చేతుల్లోంచి మొదట లాక్కున్నది ఏంటి? పాస్‌పోర్ట్.

అందుకని ఇంటర్న్‌షిప్‌కి వెళ్లేవాళ్లు, ఈ 160 ఏళ్ల కథ నుంచి మూడు విషయాలు తీసుకోండి.

మొదటిది, కాయితాన్ని మీరే చదవండి, టిక్కెట్టు కొనకముందే. పని ఏంటి, ఎవరి దగ్గర, ఎన్ని గంటలు, ఎంత డబ్బు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మెయిల్ పెట్టి అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట, కాయితంలో రాసిన మాట వేరైతే, కాయితమే నిజం. డిపోలో కూర్చున్న మనిషికి చదువు లేదు. మనకి చదువుంది, ఓపికే తక్కువ.

రెండోది, మీ కాయితాల కాపీ ఇంట్లో ఉండాలి. అమ్మ ఫోన్‌లో, తమ్ముడి మెయిల్‌లో. ఎక్కడ ఉంటారో అడ్రస్‌తో సహా. ఓడ జాబితాలో తప్పుగా రాసిన ఊరి పేరు నాలుగు తరాల పిల్లల్ని వెతికిస్తోంది. మన వివరాలు మనమే సరిగ్గా రాసి, మనవాళ్ల చేతిలో పెట్టి వెళ్దాం. వెళ్లాక, ఆ దేశంలో మన రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకునే వీలుంటే చేసుకోండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. 1967 పాస్‌పోర్ట్‌ల చట్టంలో 17వ సెక్షన్ అని ఒకటుంది. చాలా చిన్నది. పాస్‌పోర్ట్ ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తే అని చెప్తుంది. మీది కూడా కాదు! వినడానికి నిరుత్సాహంగా ఉంది కదా? తిప్పి చూడండి. మీదే కానప్పుడు, మీ మేనేజర్‌ది ఎలా అవుతుంది? ఏజెంట్‌ది ఎలా అవుతుంది? హాస్టల్ ఓనర్‌ది ఎలా అవుతుంది? 'సేఫ్టీ కోసం మా దగ్గర పెట్టుకుంటాం' అని ఎవరైనా అంటే, 'ఇది భారత ప్రభుత్వానిది, మీకివ్వడానికి నాకు అధికారం లేదు' అని చెప్పండి. కాపీ కావాలంటే ఇవ్వండి. పుస్తకం ఇవ్వకండి. అప్పటికే తీసేసుకుంటే వెంటనే కాన్సులేట్‌కి చెప్పండి.

1871లో తిరిగొచ్చి మద్రాసులో ఫిర్యాదు చేసిన ఆ కూలీల దగ్గర మనకున్న రాజ్యాంగం లేదు, చట్టం లేదు, ఫోన్ లేదు. నోరొక్కటే ఉంది. దాంతోనే ఓడలు కదలనివ్వలేదు.

ఇంకొక్క మాట. మీ ఊళ్లో గల్ఫ్ వెళ్లడానికి రెడీగా ఉన్నవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. అన్నో, బాబాయో, పక్కింటాయనో. ఈ వారం వాళ్ల ఇంటికి వెళ్లి, కాయితం చూపించమని మీరే అడగండి. చదివి తెలుగులో చెప్పండి. అది ఎయిర్‌పోర్టులో చదివితే లేటయిపోతుంది. ఇంట్లో చదివితే ఇంకా టైముంటుంది.

మీ ఇంట్లో ముత్తాతల నాటి రంగం కబుర్లు, పాత ఓడ టిక్కెట్లు, దుబాయ్ ఒప్పందాలు ఏమైనా ఉంటే ఫోటో తీసి దాచండి, దాని కథ పెద్దవాళ్లని అడిగి రాసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో 1941లో రంగూన్ మీద బాంబులు పడ్డాక అక్కడి మనవాళ్లు ఏమయ్యారో చెప్పుకుందాం. ఉంటాను మరి. నమస్తే.